ఫాల్ట్ లేదని రాసిన బండి

ఈ పని కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు, ఇన్నేళ్ల సర్వీసులో మీకు దొరకని ఫాల్ట్ ఏదైనా ఉందా అని. ఒకటుంది. కష్టమైనదేం కాదు. టెస్ట్ ల్యాంపు చేతిలో ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది. ఎప్పుడు వెతికితే దొరుకుతుందో కూడా ఒక మనిషి మూడుసార్లు వచ్చి నాకు చెప్పాడు. నేను వినలేదు. ఒకసారి నవ్వాను కూడా.

ఖతర్‌లో నేను ఆటో ఎలక్ట్రీషియన్‌గా చివరి పదేళ్లు చేసిన గ్యారేజీ మెసైమీర్ దగ్గర ఉండేది. కొంత రేకుల షెడ్డు, మిగతాదంతా ఆరుబయలు. ఫోర్‌మన్ హైదరాబాద్ మనిషి. తెలుగూ దక్కనీ కలిపి మాట్లాడేవాడు. బండిలో కరెంటు పని ఏదొచ్చినా నా దగ్గరికే పంపేవాడు. నేను ఔనంటే ఔను, కాదంటే కాదు. ఆ పెద్దరికం నాకు బాగా తలకెక్కిన రోజులవి.

ఆ ఎండాకాలంలో ఉమ్ సలాల్‌లోని ఒక తోట నుంచి పాత పికప్ ఒకటి రావడం మొదలైంది. రంగు వెలిసిపోయింది కానీ ఇంజను గట్టిదే. గేర్లు దానంతట అదే మార్చుకునే ఆటోమేటిక్ బండి. అందుకని ఆగిపోతే నలుగురు తోసి స్టార్ట్ చేసే వీలు లేదు. నడిపేవాడు జగిత్యాల వైపు మనిషి, ముప్పై దాటి ఉంటాయి. తోటలో మేకలకు గడ్డి, నీళ్ల డ్రమ్ములు తేవడం, అమ్మకానికి మేకల్ని తీసుకెళ్లడం అతని డ్యూటీ. ఆ కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర, చేరి ఏడాది కూడా కాలేదు.

"అన్నా, పొద్దుగాల మంచిగ లేస్తది" అన్నాడు మొదటిసారి వచ్చినప్పుడు. "పగటీలి నడిపి నడిపి ఆపిన్ననుకో, మల్ల తాళం తిప్పితె సప్పుడే చెయ్యది. లైట్లన్ని వస్తయి, సెల్ఫ్ మాత్రం కొట్టది. గంట ఆగితె దానంతల అదే లేస్తది."

"బ్యాటరీ" అన్నాను, బానెట్ ఎత్తకముందే. కొత్త బ్యాటరీ వేసి పంపించాను.

పది రోజులకు రికవరీ వ్యాను మీద అదే బండి వచ్చింది. పదకొండు దాటింది. ఎండాకాలంలో అక్కడ పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఆరుబయట పని చేయించకూడదని సర్కారు రూలు. మా గ్యారేజీ ఆ వేళకు పని ఆపేసేది. బండిని షెడ్డు నీడలో దింపించి, నేను లోపల ఏసీ గదిలో పడుకున్నాను. మూడున్నరకు లేచి, మొహం కడుక్కుని, టీ తాగి వెళ్లి తాళం తిప్పాను. ఒక్క దెబ్బకు లేచింది. సెల్ఫ్ మోటారు విప్పి శుభ్రం చేసి మళ్లీ బిగించాను. ఫాల్ట్ కనబడక కాదు, ఏదో ఒకటి చేసినట్టు ఉండాలి కదా అని.

మూడోసారీ అంతే. పదకొండున్నరకు వ్యాను మీద రావడం, నేను నాలుగింటికి తాళం తిప్పడం, బండి లేవడం. ఇప్పటికి మీకు విషయం తెలిసిపోయే ఉంటుంది. నాకు తెలియలేదు. తెలుసుకోవాలని అనుకుంటే కదా. అతను మళ్లీ అదే పాట పాడాడు, పగటీలి, అంటే మిట్టమధ్యాహ్నం, లేవదు, గంట ఆగితే లేస్తుంది అని.

"ఏంది తమ్మీ, నీ బండికి గూడ సర్కారు పగటీలి డ్యూటీ బంద్ చేసిందా?" అన్నాను, అందరికీ వినబడేలా.

గ్యారేజీ అంతా నవ్వింది. ఫోర్‌మన్ అందుకున్నాడు. "లేబర్ ఆఫీసుల కంప్లైంట్ ఇయ్యి మియా, బండి తరఫున!"

అతను నవ్వలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు. "నవ్వుండ్రి గని అన్నా, ఒక్కపారి పగటీలి నా పక్కకు కూసోని సూడు. ఒక్కపారి" అన్నాడు. నేను అప్పటికే ఇంకో బండి కిందికి దూరాను.

ఆ తర్వాతి సోమవారం అతను ఎనిమిది మేకల్ని ఎక్కించుకుని అమ్మకానికి బయలుదేరాడు. దారిలో గడ్డి కోసం ఒక దుకాణం ముందు పది నిమిషాలు ఆపాడు. మళ్లీ తాళం తిప్పితే బండి లేవలేదు. పన్నెండున్నర. వెనక తొట్టి మీద నీడ లేదు. మేకల్ని దింపుదామంటే రోడ్డు పక్కన కట్టడానికి ఏమీ లేదు. కఫీల్‌కు ఫోన్ చేశాడు. ఆయన వచ్చేసరికి గంట పైన పట్టింది. అప్పటికి మూడు మేకలు చచ్చిపోయాయి. మిగతావాటి మీద ఇతను దుకాణం నుంచి బాటిళ్లతో నీళ్లు తెచ్చి పోస్తున్నాడు. కఫీల్ బండెక్కి తాళం తిప్పాడు. లేచింది.

ఆయన స్థానంలో ఎవరున్నా ఏమనుకుంటారు? డ్రైవరు దుకాణం ఏసీలో కునుకు తీసి, మేకలు చచ్చాక కథ చెబుతున్నాడనుకున్నాడు. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని నేరుగా మా గ్యారేజీకి వచ్చాడు. బండిలో ఫాల్ట్ ఉందో లేదో కాగితం మీద రాసివ్వమన్నాడు.

ఏసీ గదిలో పడుకున్న నన్ను ఫోర్‌మన్ లేపి పక్కకు పిలిచాడు. "మియా, సాఫ్ సాఫ్ చెప్పు. ఫాల్ట్ ఉన్నదా, లేదా?"

బండి ఇంకా నడుస్తూనే ఉంది. నేను ఆర్పి ఆర్పి ఐదుసార్లు తాళం తిప్పాను. ఐదుసార్లూ లేచింది. షెడ్డు స్తంభం దగ్గర అతను నిలబడి ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. మేకల వాసన వస్తోంది. నా వైపే చూస్తున్నాడు. ఇంకో గంట ఉంచండి, నడిపి చూస్తాను అంటే సరిపోయేది. కానీ అలా అంటే అంతకుముందు మూడుసార్లు నేను ఏం చూసినట్టు?

"లేదు" అన్నాను.

ఫోర్‌మన్ గ్యారేజీ కాగితం మీద ఫాల్ట్ లేదని రాశాడు. నేను సంతకం పెట్టాను. కఫీల్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అతని వైపు తిరిగి ఒకే మాట అన్నాడు, "కద్దాబ్." అబద్ధాలకోరు అని.

గురువారం సాయంత్రం అతను అల్ మన్సూరాలో నా గది వెతుక్కుంటూ వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. మెట్ల దగ్గరే నిలబడ్డాడు.

"అన్నా, ఆదివారం నా టికెట్. వీసా క్యాన్సిల్ చేస్తున్నడు."

"నన్నేం చెయ్యమంటవ్ తమ్మీ? బండి లేస్తున్నది. నా కండ్ల ముందట లేచింది."

"రేపు జుమ్మా. నీకు ఛుట్టి. ఆదివారం దాక బండి నా చేతులనే ఉన్నది. ఒక్క పగటీలి రా. లేస్తె, తప్పు నాదే అని ఒప్పుకుంట. మల్ల నీ మొకం సూడ."

నేను వెళ్లాను. జాలితో వెళ్లానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ అది నిజం కాదు. నా సంతకం సరైనదేనని అతని ముందే తేల్చి, ఈ గోల వదిలించుకుందామని వెళ్లాను.

శుక్రవారం పదకొండున్నరకు ఉమ్ సలాల్ తోట నుంచి బయలుదేరాం. ఏసీ పనిచేయని క్యాబిన్. అతను గంటసేపు నడిపాడు, ఎక్కడా ఆపలేదు. తోటకు తిరిగొచ్చి మేకల దొడ్డి పక్కన ఆపి, ఇంజను ఆర్పి, తాళం నా చేతిలో పెట్టాడు. "పది నిమిషాలు" అన్నాడు. ఫోన్‌లో టైమ్ చూస్తూ కూర్చున్నాం. నా వీపు సీటుకు అతుక్కుపోయింది. బానెట్ మీద గాలి నీళ్లలా వణుకుతోంది.

పది నిమిషాలయ్యాక తాళం తిప్పాను. డ్యాష్‌బోర్డు లైట్లన్నీ వెలిగాయి. సెల్ఫ్ నుంచి చిన్న టక్కుమనే శబ్దం కూడా రాలేదు. మళ్లీ తిప్పాను. లేదు. మళ్లీ. లేదు.

చూశావా అని అతను అనలేదు. నీళ్ల బాటిల్ మూత తీసి నాకందించాడు.

ఇక పని సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. తాళం తిప్పితే, సెల్ఫ్ మోటారును తిరగమని చెప్పే సన్నని వైరు ఒకటి ఉంటుంది. అతన్ని తాళం తిప్పి పట్టుకోమని, ఆ వైరు పై కొసన టెస్ట్ ల్యాంపు పెట్టాను. వెలిగింది. కింద మోటారు దగ్గర పెట్టాను. వెలగలేదు. అంటే ఈ రెంటి మధ్యలోనే ఎక్కడో కరెంటు ఆగిపోతోంది. వైరు వెంట వేళ్లతో తడుముకుంటూ కిందికి వెళ్లాను. సైలెన్సర్ గొట్టానికి బెత్తెడు దూరంలో వేళ్లకు ముడి తగిలింది. నల్ల టేపు చుట్టిన జాయింటు. చెయ్యి చుర్రుమంది. ఇంజను నడుస్తున్నంతసేపూ ఫ్యాను గాలి తగిలి కాస్త చల్లగా ఉంటుంది. ఆపగానే గొట్టం వేడంతా దాని మీదికే. లోపల వదులైన రాగి తీగలు ఆ వేడికి ఎడంగా జరిగి కరెంటును పోనివ్వవు. చల్లబడితే మళ్లీ పట్టుకుంటాయి.

కత్తిరించి బయటికి తీశాను. టేపు ఎండి పెళుసెక్కింది. కానీ దాని చివర చిన్న చెవిలా మడిచి ఉంది.

అలా మడవడం నా అలవాటు. తాత్కాలికంగా కలిపిన జాయింటుకు మాత్రమే అలా మడిచి వదిలేవాడిని, తర్వాత వచ్చి విప్పి, సోల్డర్ పెట్టి, గొట్టానికి దూరంగా కట్టేటప్పుడు గోటితో లాగడం సులువని. మా గ్యారేజీలో ఇంకెవరూ అలా చేయరు. రెండేళ్ల కిందట ఈ బండికి, వేరే డ్రైవరు ఉన్నప్పుడు, సెల్ఫ్ మార్చింది నేనే. వైరు చాలకపోతే ముక్క కలిపింది నేనే. గురువారం సాయంత్రం, ఇంటికి పోయే తొందర. శనివారం సరిచేద్దామనుకున్నాను. ఆ శనివారం ఇంకో బండి వచ్చింది.

"దొరికిందా అన్నా?" అతను కిందికి వంగి చూశాడు. నా చేతిలో ముక్క చూడగానే మొహం విచ్చుకుంది. "గిదేనా? గింత దానికా? నేను చెప్పలే! అన్నా, నేను చెప్పలే!" నన్ను పట్టుకుని ఊపేశాడు. నేను కొత్త వైరు వేసి, గట్టిగా ప్రెస్ చేసి, గొట్టానికి దూరంగా కట్టాను. ఆ వేడి మీదే తాళం తిప్పితే బండి లేచింది. అతను కళ్లు తుడుచుకుంటూ కఫీల్‌కు ఫోన్ చేశాడు.

నమాజు ముగించుకుని ఆయన రెండింటికి వచ్చాడు. అతను అరబ్బీ, హిందీ కలగలిపి గడగడా చెప్పుకుపోయాడు. ఆయన చెయ్యి చాపితే నేను ఆ ముక్క ఇచ్చాను. ఇటూ అటూ తిప్పి చూశాడు. వైరు గురించి తెలియనివాడైనా, అది ఎవరో కోసి కలిపిందని ఆయనకు అర్థమైంది.

"మిన్ సవ్వా హాదా?"

ఎవరు చేశారిది అని నన్నే అడుగుతున్నాడు. జవాబు నా నోటి దాకా వచ్చింది. నా సంతకం ఉన్న కాగితం ఆయన దగ్గరుంది. నా వీసా ఇంకో ఏడాది ఉంది. ఇవన్నీ కనురెప్ప కొట్టినంతలో గుర్తొచ్చాయి.

"మాఫీ మాలూమ్" అన్నాను. తెలియదని.

ఆయన అతని వైపు తిరిగాడు. తెలివైనవాడు. వరసగా లెక్క కట్టాడు. బండి నీ చేతిలోనే ఉంది. వైరు కోసి ఉంది. మధ్యాహ్నం పని తప్పించుకోవాలని నువ్వే కోశావు. ఇప్పుడు టికెట్ చేతికొచ్చేసరికి మీ ఊరివాణ్ని తెచ్చి బాగుచేయించావు. ఇన్నాళ్లూ అబద్ధాలకోరు అనుకున్నాను, దొంగవి కూడా.

అతను నా వైపు తిరిగాడు. తెలుగులో అడిగాడు. "అన్నా, గది పాతదా కొత్తదా గదొక్కటి చెప్పు. టేపు సూస్తె నీకు తెలుస్తది గద? నేనొచ్చి ఏడాది గాలేదు. పాతది అని చెప్తె సాలు."

నా పేరు చెప్పమని కాదు. పాతదని ఒక్క మాట. నేను వంగి పనిముట్లు సంచిలో సర్దుకుంటున్నాను. స్పానర్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి, మెల్లగా. నా అరవై ఐదేళ్ల బతుకులో నన్ను నేను తలెత్తి చూసుకోలేని ఘడియ అదే.

శనివారం పొద్దున ఫోర్‌మన్‌కు జరిగిందంతా చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఇంకెవరికి చెప్పినవ్?"

"ఎవరికి చెప్పలే."

"నక్కో మియా. చెప్పకు. నోరు తెరిస్తే నీ వీసా, నా కుర్చీ రెండు పోతయి. అతని టికెట్ అయిపోయింది. ఇంకో కఫీల్ దొరుకుతడు, ఇంకో వీసా వస్తది."

"దొంగ అన్నడు భాయ్, అతన్ని."

"నిన్ను అనలే గదా? అల్లా మేలు చేసిండనుకో."

ఆయన చెడ్డవాడు కాదు. నా భయాన్నే నాకు అప్పజెప్పాడు. నిజం చెప్తున్నాను, నాకు హాయిగా కూడా అనిపించింది. పెద్దాయన వద్దన్నాడు కదా, ఇక నాదేముంది అనుకున్నాను. ఆ హాయి రెండు గంటలున్నట్టుంది. అతని ఫోన్ వచ్చింది. తిట్టడానికే అనుకుని భయపడుతూ ఎత్తాను.

"అన్నా, సామాను సదురుకుంటున్న. నీకు చెప్పి పోదామని చేసిన. ఛుట్టి నాడు గంత ఎండల వచ్చినవ్. నీ తోని ఫాల్ట్ ఉన్నదని తేలింది. కఫీల్ నమ్మకున్నా గని, నాకు నా పానం నిమ్మలమైంది. పాగల్ లెక్క అయితి, నాకే అనుమానమొచ్చింది, నేనే ఏమన్న తప్పు చేస్తున్ననా అని. నీ మేలు మర్వ అన్నా."

ఫోన్ పెట్టేశాక టేపు ఒకటి, రెండు వైరు ముక్కలు జేబులో వేసుకున్నాను. ఫోర్‌మన్‌కు చెప్పకుండానే టాక్సీ ఎక్కాను.

కఫీల్ ఇంటి మజ్లిస్‌లో, అంటే వచ్చినవాళ్లను కూర్చోబెట్టే పెద్ద గదిలో, ఆయన ఒక్కడే ఉన్నాడు. కూర్చోమన్నా నేను కూర్చోలేదు. నా అరబ్బీ ఎంతో, హిందీ అంతే. ఇంత పెద్ద విషయం చెప్పడానికి రెండూ చాలవు. అందుకే ముక్కలు బయటికి తీసి ఆయన ముందే కలిపి, టేపు చుట్టి, చివర చెవిలా మడిచి తివాచీ మీద పెట్టాను. నిన్నటి ముక్క తెప్పించమన్నాను. పనివాడు తెచ్చాడు. రెండూ పక్కపక్కన పెట్టి, నా గుండె మీద చెయ్యి వేసుకుని, "ఇదీ నేనే. అదీ నేనే. రెండేళ్ల కింద. డ్రైవర్ కద్దాబ్ కాదు, నేను కద్దాబ్" అన్నాను.

ఆయన రెండు ముక్కల్నీ చాలాసేపు చూశాడు.

"నిన్న తెలియదన్నావు" అన్నాడు హిందీలో.

"భయం."

"ఈ రోజు?"

నేల చూస్తూ నిలబడ్డాను. ఆయన నన్ను క్షమించానని అనలేదు. గట్టిగా తిట్టనూ లేదు. డ్రైవర్ని పిలిపించి, నా ముందే, ప్రయాణం లేదు, ఉండు అన్నాడు. తర్వాత మెల్లగా, తన గుండె మీద చెయ్యి వేసుకుని ఇంకేదో అన్నాడు. అది వాళ్లిద్దరి మధ్య మాట, నేను రాయను.

నాకేమైందని అడుగుతారేమో. కఫీల్ తన బండ్లన్నీ వేరే గ్యారేజీకి మార్చాడు. ఫోర్‌మన్ నాతో మాటలు తగ్గించాడు. ఏడాది నిండాక నా వీసా రెన్యువల్ కాలేదు. ఇంటికొచ్చేశాను. ఇందులో నాకు అన్యాయం జరిగిందని ఏ రోజూ అనిపించలేదు. మీకు చెప్పదలచింది ఇంతే. ఫాల్ట్ ఏ వేళ వస్తుందంటారో ఆ వేళకే బండి దగ్గర ఉండండి. నడిపేవాడి మాట పూర్తయ్యేదాకా బానెట్ ఎత్తకండి. మిగతాదంతా మీటరు చెబుతుంది.

ఆ రోజు మజ్లిస్ నుంచి బయటికొచ్చాక అతను నేరుగా పికప్ దగ్గరికి నడిచాడు. నేను వెనకే వెళ్లాను.

"తమ్మీ, తప్పయింది."

"నిన్న నిన్ను అడిగిన గద. పాతదా కొత్తదా చెప్పుమని."

"అడిగినవ్."

"నువ్వు సంచి సదురుకుంటవోతివి."

"ఔ."

అతను ఫోన్ తీసి, ఏదో నొక్కి, నా చేతికిచ్చాడు. "మా ఇంటిది. పంపిస్తున్నరని, దొంగ అన్నడని నిన్ననే చెప్పిన. ఇప్పుడు నేనేం చెప్పినా ఆడోళ్ల ముందట కథ చెప్పినట్టుంటది. నువ్వే చెప్పు."

ఆమె హలో అన్నది. నేనెవరో చెప్పాను. గ్యారేజీ, టేపు, కాగితం మీద సంతకం, నిన్న తెలియదన్న సంగతి, అన్నీ చెప్పాను. ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

"అయితె మా ఆయన అబద్దం ఆడలేదా?"

"ఆడలేదమ్మా. మొదటి దినం సంది నిజమే చెప్పిండు. ఆడింది నేను."

"గీ ముక్క మల్లొక్కపారి చెప్పాలె అన్నా. ఆగు, స్పీకర్ల పెడుత. దుబాయ్‌ల పని ఎగ్గొట్టి పండుకుంటె ఎల్లగొట్టిన్రట అని మా ఆడిబిడ్డ పొద్దటి సంది ఇంటింటికి తిరిగి చెప్తున్నది." మా పల్లెల్లో ఏ గల్ఫ్ దేశమైనా దుబాయే. ఆమె ఫోన్ దూరం జరిపి పిలిచింది. "వదినా! ఇటు రా, దుబాయ్ నుంచి ఫోన్. అత్తా, నువ్వు గూడ రా."

అవతల తలుపు తీసిన చప్పుడు. ఎవరో వచ్చి కూర్చున్నారు. ఇవతల అతను పికప్ తలుపుకు ఆనుకుని నా నోటికేసి చూస్తున్నాడు.

"ఆఁ, ఇప్పుడు చెప్పు" అన్నదామె.

నేను గొంతు సవరించుకుని, మొదటి నుంచీ మళ్లీ మొదలుపెట్టాను.